కడిగారా, తుడిచారా, ఆరాయా?

మా అత్తకి మనుషుల ముఖాలకంటే అరచేతులు బాగా గుర్తుంటాయి. ఎవరు ఎదురుపడ్డా "బాగున్నారా" అని అడగదు. "ఏవీ, చేతులు చూపించండి" అంటుంది. ఆ వెంటనే వరసగా మూడు ప్రశ్నలు: కడిగారా? తుడిచారా? ఆరాయా? మూడింటికీ సరైన జవాబు వచ్చాకే మిగతా కబుర్లు. ఆవిడ మా మేనమామ భార్య. కాలేజీ చదువు కోసం నేను వాళ్ళింట్లో నాలుగేళ్ళున్నాను. ఆ నాలుగేళ్ళలో నా చేతిరేఖలు సగం అరిగిపోయాయని నా అనుమానం.

వీధిలో ఆవిడకి 'తడి ఇన్‌స్పెక్టర్' అని పేరు. ఒకసారి బస్సులో కండక్టరు టికెట్టు చింపి ఇవ్వబోయాడు. అత్త చెయ్యి చాపలేదు.

"వేలు నాలిక్కి రాసుకుని చింపావా, ఊరికే చింపావా?"

"తీసుకోండమ్మా, వెనక జనం ఉన్నారు."

"జనం ఎక్కడికీ పోరు, బస్సులోనే ఉంటారు. నువ్వు చెప్పు."

పాపం అతను జేబురుమాలుతో వేళ్ళు తుడుచుకుని ఇంకో టికెట్టు చింపి ఇచ్చాడు. మర్నాటినుంచి స్టాపులో అత్త కనబడితే చాలు, కిటికీలోంచి రెండు అరచేతులూ బయటపెట్టి చూపించేవాడు. అత్త తలూపితేనే బస్సు ఆగేదని కాలేజీలో నేను చెప్పుకునేదాన్ని. ఎవరూ నమ్మలేదు.

వంటింటి కొళాయి కారుతోందని బాగుచేసే అతన్ని పిలిచినప్పుడు మరీ అన్యాయం.

"కొళాయి పని చేసేవాణ్ణమ్మా! చేతులు తడిగా ఉండక ఎలా ఉంటాయి?" అన్నాడతను.

"అయితే వేరే పనేదీ దొరకలేదా నాయనా?" అంది అత్త, పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడి. అతను మరను ఒకసారి తిప్పితే ఈవిడ ఒకసారి తుడిచేది. పని అయ్యాక, "పదేళ్ళలో ఇంత పొడిగా ఎప్పుడూ ఇంటికి పోలేదమ్మా" అని దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఈ పిచ్చికి కారణం అత్త కళ్ళు. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఒకటుంటుంది కదా, కార్నియా. అందరికీ గుండ్రంగా ఉండే ఆ పొర అత్తకి పదిహేడో ఏటనుంచి పలచబడుతూ, మొన తేలినట్టు ముందుకు పొడుచుకొచ్చింది. కెరటోకోనస్ అంటారట. కళ్ళజోడుతో లాభం లేదు. గట్టి లెన్సులు పెట్టుకుంటే ఒక చంద్రుడు, తీసేస్తే ఏడుగురు. "లెన్సుల్లేకుండా చూస్తే నీకు మూడు ముక్కులే" అనేది నాతో. "మూడూ మీ మామయ్యవే."

నేను వాళ్ళింటికొచ్చిన మూడో నెలలో ఓ పొద్దున అత్త తలమీద దుప్పటి కప్పుకుని గదిలోంచి వచ్చింది. కుడికన్ను చింతనిప్పులా ఉంది. నీళ్ళు ధారగా కారుతున్నాయి. కిటికీ తెరిస్తే కెవ్వుమంది. నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్లటి చుక్క.

"పుండు పడింది" అన్నాడు కళ్ళ డాక్టరు. "లెన్సులతో వచ్చే ఇన్‌ఫెక్షను. ఇది మధ్యకి పాకిందంటే చూపుకే ముప్పు. పాకకుండా చూద్దాం. నేను చెప్పేదాకా రెండు కళ్ళకీ లెన్సులు పెట్టకూడదు. గంటగంటకీ చుక్కల మందు పడాలి."

చుక్కల బాధ్యత మా అమ్మమ్మ, అంటే అత్తకి అత్తగారు, ఎవరూ అడక్కుండానే నెత్తిన వేసుకుంది. అలారం గడియారాన్ని చీరకొంగులో కట్టుకుని తిరిగేది. అది మోగిందంటే ఇంట్లో ఎవరు ఏ పనిలో ఉన్నా బొమ్మల్లా నిలబడిపోవాలి. "కళ్ళు తెరువు. పైకి చూడు. ఊపిరి బిగబట్టు." ఊపిరికీ చుక్కలకీ ఏం సంబంధమో డాక్టరుకి కూడా తెలియదు. కానీ ఒక్క చుక్క కూడా గురి తప్పలేదు.

అమ్మమ్మ చేతికి చిక్కిన రెండో రోజే, భోజనాల బల్ల దగ్గర అత్త ప్రకటించింది. "నా చేతులు శుభ్రంగా లేకే ఈ పుండు. ఇవాళ్టినుంచి ఈ ఇంట్లో అందరూ చేతులు చూపించాలి." మామయ్య నవ్వబోయి, అత్త ముఖం చూసి, గరిటె కింద పెట్టి చేతులు చాపాడు. అలా మొదలైంది.

లెన్సుల్లేని రోజులు నెలలయ్యాయి. అత్త బట్టల స్టాండుని "ఎప్పుడొచ్చారన్నయ్యా?" అని పలకరించింది. మామయ్య అనుకుని పక్కింటాయన్ని పేపరు చదవలేదని తిట్టింది. ఆయన వెళ్ళి నిజంగానే చదివాడు. అన్నింటికీ మాతోపాటు తనూ నవ్వేది. ఒక్కరోజు మాత్రం నవ్వలేదు.

అత్త ఒక బేకరీలో కేకుల మీద క్రీముతో పేర్లు రాస్తుంది. అంత ముత్యాల్లాంటి అక్షరాలు నేను పుస్తకంలో కూడా చూడలేదు. ఇంట్లో కూర్చోలేక ఏడోవారంలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పనికి వెళ్ళింది. పుట్టినరోజు శుభాకాంక్షలు రాసింది. 'పుట్టినరోజు' కేకు మీద, 'శుభాకాంక్షలు' బల్ల మీద.

"బల్ల కూడా ప్యాక్ చెయ్యమంటావా అమ్మా?" అన్నాడు యజమాని. మంచివాడే. తేలిక చేద్దామనే అన్నాడు.

ఇంటికొచ్చి అత్త మంచం మీద కూర్చుంది. "నేనిక రాయలేనేమోనే" అంది నాతో, మెల్లిగా. ఇంతలో అలారం మోగింది. అమ్మమ్మ వచ్చి, కోడలి గడ్డం పట్టుకుని పైకెత్తింది. "ఏడుపు తర్వాత. ఇప్పుడే ఏడిస్తే మందు కొట్టుకుపోతుంది." అత్త ఏడుస్తూనే నవ్వింది. చుక్క సరిగ్గా పడింది.

అయిదో నెలకి పుండు మానింది. మచ్చ అంచునే ఆగిపోయింది. నల్లగుడ్డుకి తగలకుండా తెల్లగుడ్డు మీద ఆనుకునే పెద్ద లెన్సులు ఇచ్చారు. అత్త మళ్ళీ కేకు మీదే పూర్తిగా రాసింది. చేతుల తనిఖీ మాత్రం మానలేదు. మూడేళ్ళపాటు వీధంతా ఆరిన చేతులతో తిరిగింది.

నా చదువు అయిపోయి ఊరు కదిలే ముందు అత్తకి తోడుగా కళ్ళ పరీక్షకి వెళ్ళాను. డాక్టరు అడక్కముందే అరచేతులు చూపించాడు. అత్త బిల్లు కిటికీ దగ్గరికి వెళ్ళగానే నవ్వుతూ అన్నాడు: "లెన్సు ముట్టుకునేటప్పుడు కడిగి ఆరబెట్టుకోవాలి, అది కరెక్టే. కానీ ఊరందరి చేతులూ ఎందుకమ్మా? ఆవిడ పుండు చేతుల వల్ల వచ్చింది కాదు. లెన్సుల డబ్బాలో కొళాయి నీళ్ళు పోసుకున్నానని ఆవిడే చెప్పింది. అందులోంచి వచ్చింది."

అత్తా? మంచినీళ్ళ గ్లాసుని కూడా తన గదిలోకి రానివ్వని అత్తా?

బస్టాపు బెంచీ మీద నిలదీశాను. అత్త అటూ ఇటూ చూసింది.

"మీ అమ్మమ్మే" అంది చివరికి. "నీళ్ళు తగిలాయా అని డాక్టరు అడిగిన రోజు, ఇంటికెళ్ళి చూద్దును కదా, డబ్బాలో నీళ్ళు పోస్తూ కనిపించింది. 'లెన్సులు నానేసే నీ మందు సగానికే ఉంటోందే, అవి ఎండిపోతాయని రోజూ నేనే నింపుతున్నా' అంది."

"నువ్వేమన్నావు?"

"మంచి పని చేశారత్తయ్యా అన్నాను. డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను."

"చెప్పేయొచ్చు కదా!"

"గంటగంటకీ చుక్కలు వేసే చేతులవి. తెలిస్తే వణకవూ? చుక్క ముక్కులో పడేది."

"మరి ఈ తనిఖీ?"

"రేపు తాళం మర్చిపోతే? ఆవిడ తడిచేతుల్తో నా సామాను ముట్టుకోకూడదు. ఆవిణ్ణొక్కదాన్నే అడిగితే అవమానం. అందర్నీ అడిగితే అదో పిచ్చి. ఏం, పిచ్చిదాన్నంటే నాకేం పోయింది?"

మేం ఇంటికెళ్ళేసరికి పక్కింటావిడ కూర్చుని ఉంది. వాళ్ళమ్మాయికి కొత్తగా లెన్సులిచ్చారట, సలహా కోసం వచ్చింది. అమ్మమ్మ అప్పటికే అందుకుంది.

"జాగ్రత్త నేర్పమ్మా. మా కోడలు శుభ్రం లేక కన్ను మీదికి తెచ్చుకుంది. నేను లేకపోతే ఏమయ్యేదో!"

నేను నోరు తెరిచాను. బల్ల కింద అత్త నా కాలు గట్టిగా తొక్కింది.

"నిజమే అత్తయ్యా" అంది, అమ్మమ్మకి టీ అందిస్తూ. "మీరు లేకపోతే నా కన్ను ఎలా ఉండేదో, తల్చుకోడానికే భయమేస్తుంది."

అమ్మమ్మ గర్వంగా ఒక గుక్క తాగింది. నా గుక్క మాత్రం ముక్కులోంచి బయటికొచ్చింది.