బల్ల మీద పనిచేసిన గన్

కరోనా తగ్గాక వచ్చిన రెండో చలికాలం అది. ఆర్మీలో ఇరవై రెండేళ్లు ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా పనిచేసి, ఢిల్లీ కంటోన్మెంట్‌లోనే రిటైరై, జనక్‌పురిలో ఒక క్యాష్ వ్యాన్ కంపెనీలో చేరాను. అప్పటికి నాలుగేళ్లయింది. బ్యాంకుల డబ్బు ఏటీఎంలకు చేరవేసే వ్యాన్లలో గార్డులు పట్టుకునే గన్లన్నీ నా చేతి మీదుగానే బయటికి వెళ్లేవి. రిజిస్టర్‌లో గన్ నంబరు ఎదురుగా ‘ఓకే’ అని రాసి సంతకం పెట్టేది నేనే. మా ఒంగోలు వైపు వాళ్లకు నోటి దురుసు ఎక్కువంటారు. మిగతావాళ్ల సంగతేమో గాని నా విషయంలో అది నిజం. నా సంతకాన్ని ఎవరైనా అనుమానిస్తే ఊరుకునేవాణ్ణి కాదు.

మా గన్లన్నీ ట్వెల్వ్ బోర్ రకం పంప్ యాక్షన్ షాట్‌గన్లు. బ్యారెల్ కింద ఇంకో గొట్టం ఉంటుంది. దాన్ని మ్యాగజీన్ ట్యూబ్ అంటారు. తూటాలు అందులో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి, ఒక స్ప్రింగ్ వాటిని వెనక్కి నెడుతూ ఉంటుంది. ఎడమ చేత్తో పట్టుకునే పిడిని ఆగేదాకా వెనక్కి లాగితే ఒక తూటా ట్యూబులోంచి బయటికి వస్తుంది, ముందుకు తోస్తే బ్యారెల్లోకి ఎక్కుతుంది. ట్యూబు మూతి దగ్గర కార్ట్రిడ్జ్ స్టాప్ అనే సన్నని ఉక్కు రేకు ఉంటుంది. పిడి లాగినప్పుడు అది పక్కకు తప్పుకుని ఒక్క తూటాను వదలాలి, వెంటనే మళ్లీ అడ్డం రావాలి. మనిషి పిడిని పూర్తిగా లాగకపోతే ఆ రేకు తప్పుకోదు, తూటా రాదు. దాన్ని షార్ట్ స్ట్రోక్ అంటాం. కొత్తవాళ్లు చేస్తారు, కంగారుపడ్డవాళ్లు చేస్తారు.

డిసెంబరులో ఒక ఉదయం, పదకొండు దాటినా పొగమంచు వదలని వేళ, వసంత్ కుంజ్ దగ్గర మా వ్యాను ముందు రెండు బైకులు అడ్డం పెట్టారు. ఇనప రాడ్డుతో డ్రైవరు పక్క అద్దం పగలగొట్టారు. వ్యానులో ఉన్న గార్డు అప్పలనాయుడు గన్ తీసుకుని కిందికి దిగాడు. శ్రీకాకుళం వైపు మనిషి, పదిహేడేళ్లు సిపాయిగా చేసి వచ్చినవాడు. డిపోలో తెలుగువాళ్లం మేమిద్దరమే. పటాలంలో పని నేర్పేవాణ్ణి పిలిచినట్టు నన్ను ఉస్తాద్ అనేవాడు.

అప్పలనాయుడు పిడి లాగి తోసి, బెదిరించడానికి ఆకాశంలోకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. టక్కుమంది, పేలలేదు. మళ్లీ లాగి నొక్కాడు. మళ్లీ టక్కే. అప్పుడు గన్ తిరగేసి, భుజానికి ఆనించే మడమ పైకెత్తి పట్టుకుని వ్యాను తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. ఈలోగా వెనక కార్లు ఆగి జనం దిగడంతో బైకులవాళ్లు పారిపోయారు. డ్రైవరు రాజ్‌బీర్ చేతికి గాజు గుచ్చుకోవడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. పోలీసులు వాంగ్మూలాలు రాసుకుని, తూటా పేలలేదు కనక గన్ మాకే ఇచ్చి పంపారు.

గన్ నా బల్ల మీదికి వచ్చేసరికి నాలుగు తూటాలూ ట్యూబులోనే ఉన్నాయి. జామ్ అయిన గన్‌ని పాముని పట్టినట్టు పట్టాలి. గొట్టం మూతి ఇసక బకెట్ వైపు పెట్టి, గన్‌ని వెల్లకిలా తిప్పి, ఆ రేకుని వేలితో నొక్కుతూ ఒక్కొక్క తూటా బయటికి తీశాను. తర్వాత మందు లేని డమ్మీ తూటాలు వేసి పరీక్ష మొదలుపెట్టాను. మెల్లగా లాగాను, విసురుగా లాగాను. నలభైసార్లు. ఒక్కసారి కూడా ఆగలేదు. కావాలని పిడిని ముప్పావు వంతు లాగి వదిలితే మాత్రం అచ్చం అప్పలనాయుడు చెప్పినట్టే టక్కుమంది.

మేనేజర్ భాటియా గారి ముందు డ్రైవరు వాంగ్మూలం ఉంది. “ఉస్‌కే హాథ్ కాంప్ రహే థే,” అని చెప్పాడు రాజ్‌బీర్. వాడి చేతులు వణుకుతున్నాయి అని.

“రావు సాబ్, గన్‌లో తప్పుందా, మనిషిలోనా?” అన్నారు భాటియా.

“గన్ బ్రహ్మాండంగా ఉంది. షార్ట్ స్ట్రోక్,” అన్నాను. రిపోర్టులోనూ అదే రాశాను. బయటికి వస్తూ నాలో నేను, ఆడలేక మద్దెల ఓడన్నాడట, అనుకున్నాను కూడా. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి అప్పలనాయుణ్ణి తీసేస్తున్నట్టు లెటర్ వెళ్లిపోతుందన్నారు. ఆయుధం పట్టడానికి పనికిరాడు అని. ఆ ముక్క రికార్డులోకి ఎక్కితే ఈ చుట్టుపక్కల ఏ కంపెనీ అతని చేతికి గన్ ఇవ్వదు. ఏదో అపార్ట్‌మెంట్ గేటు దగ్గర లాఠీ పట్టుకోవాల్సిందే. దానికన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి ఉంది. పదిహేడేళ్లు సిపాయిగా బతికినవాడు భయపడ్డాడని కాగితం మీద మిగిలిపోతుంది.

గురువారం సాయంత్రం నా వర్క్‌షాపు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

“నాను బయపడ్డానని రాసినారట గదా ఉస్తాద్?”

“భయపడ్డావని నేను రాయలా. షార్ట్ స్ట్రోక్ అని రాశాను.”

“రెండూ ఒకటే గదేటి.”

నాకు చర్రున కోపం వచ్చింది. అతను అన్నది నిజం కాబట్టే వచ్చింది. “చేతులు వణికినయ్యా లేదా? అది చెప్పు ముందు.”

“వణికినాయి. సలి. మూడు గంటల్నించి ఇనపగొట్టం పట్టుకుని కూకున్నాను. వణికితే మాత్రం లాగడం మర్సిపోతానేటి? ఆగేదాకా లాగినాను. ఒకపాలి కాదు, రెండుపాల్లు లాగినాను. తూటా రానేదు.”

రెండుసార్లు. ఆ మాట నన్ను పట్టుకుంది. కంగారులో ఒకసారి తప్పు లాగిన సిపాయి రెండోసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని లాగుతాడు. అలవాటు చేతిలోనే ఉంటుంది. “సరే, వ్యాన్లో ఎట్టా కూర్చున్నావో చూపించు,” అన్నాను.

అతను స్టూలు మీద కూర్చుని, మూలనున్న క్లీనింగ్ రాడ్ తీసుకుని రెండు మోకాళ్ల మధ్య నిటారుగా నిలబెట్టాడు. మడమ నేల మీద, మూతి పైకి. రోజూ అలాగే కూర్చుంటారు వాళ్లు. నేనేమో ఆ గన్‌ని మెత్తటి గుడ్డ పరిచిన బల్ల మీద పడుకోబెట్టి పరీక్షించాను. అది ఆ రోజు మూడు గంటలసేపు నిలబడి, ఢిల్లీ రోడ్ల గతుకులన్నీ తిన్న గన్ అని నాకు తట్టనే లేదు.

గన్‌ని అలాగే నిలబెట్టి అదే దారిలో తిప్పి చూస్తానంటే భాటియా గారు ఖాళీ వ్యాను ఇచ్చారు గాని, “శనివారం పన్నెండు దాకానే టైమ్. ఠీక్ హై?” అన్నారు.

శుక్రవారం డమ్మీలు వేసి గన్ నేనే పట్టుకున్నాను. చేతికి కట్టుతోనే రాజ్‌బీర్ నడిపాడు. వసంత్ కుంజ్ దాకా వెళ్లి డిపో ఆవరణలోకి వచ్చి, దిగి, పిడి లాగాను. డమ్మీ ఠక్కున బయటికి వచ్చి గొట్టంలోకి ఎక్కింది. రాజ్‌బీర్ నవ్వాడు. అప్పలనాయుడు తల తిప్పుకున్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక గన్ సరిగ్గా పనిచేసినందుకు నేను బాధపడింది ఆ ఒక్క రోజే.

“ఉస్తాద్,” అన్నాడు అతను. “మీరు దారి సగంలో గన్ను ఒళ్లో పడుకోబెట్టేసినారు.”

నిజమే. మోకాళ్ల నొప్పి వచ్చి ఒళ్లో పెట్టుకున్నాను. అతను గమనించాడు, నేను గమనించలేదు.

శనివారం పొద్దున ఏడింటికే బయల్దేరాం. ఈసారి గన్ అతని మోకాళ్ల మధ్య ఉంది. నేను ఎదురు సీట్లో కూర్చుని ఆ గొట్టం వంకే చూస్తున్నాను. అతను కాలు కదపలేదు. తిరిగి తిరిగి డిపోకి వచ్చేసరికి పది ముప్పావు. భాటియా గారు ఆవరణలో చలికోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. లెటర్ టైపు చేసి ఉందని నాకు తెలుసు.

అప్పలనాయుడు గన్‌ని వంచకుండా నిలువునా నా చేతికి ఇచ్చాడు. ఎవరూ షార్ట్ స్ట్రోక్ అనకుండా, భుజం నొప్పెట్టేంతగా ఆగేదాకా లాగి ముందుకు తోశాను. డమ్మీ రాలేదు. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంది. మళ్లీ లాగాను. మళ్లీ రాలేదు.

“ఇలా ఇవ్వండి,” అని భాటియా గారే తీసుకుని లాగారు. టక్. రాజ్‌బీర్ మెల్లగా, “అరే, భాయ్ సచ్ బోల్ రహా థా,” అన్నాడు. వాడు చెప్పింది నిజమే అని. అప్పలనాయుడు మాత్రం రెండు చేతులూ చంకల్లో దాచుకుని నిలబడ్డాడు.

వర్క్‌షాపులోకి తీసుకెళ్లి, గన్‌ని నిలువుగానే బల్ల అంచునున్న వైస్ దవడల మధ్య బిగించి, పిన్నులు తీసి, ట్రిగ్గర్ భాగం విప్పి టార్చి వేశాను. కార్ట్రిడ్జ్ స్టాప్ తప్పుకోవడానికి దాని వెనక ఒక సన్నని గాడి ఉంటుంది. ఆ గాడిలో ఏదో ఇరుక్కుని రేకుని కదలనివ్వడం లేదు. పట్టకారుతో బయటికి తీశాను. నూనెలో నాని, పచ్చగా మెరుస్తోంది.

“యే క్యా హై? చావల్?” అన్నారు భాటియా గారు.

అవును, బియ్యమే. పసుపు కలిపిన బియ్యపు గింజ. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసిన క్షణంలోనే తెలిసిపోయింది.

దసరాకి డిపోలో ఆయుధ పూజ చేశాం. ఇక్కడివాళ్లు గన్‌కి బొట్టు పెట్టి ఎర్ర దారం కడతారు, అంతే. అక్షతలు వేయందే అదేం పూజ అని పట్టుబట్టింది నేను. గన్లన్నీ ఎర్రగుడ్డ మీద వరసగా పెట్టించాను. లోపల తూటా లేదని అందరికీ కనిపించేలా, తూటా ఎక్కే దారిని మూసే బోల్టులు తెరిచి పెట్టాలన్న రూలు కూడా నాదే. గుప్పిళ్లతో అక్షతలు చల్లాను. పళ్లెం పట్టుకున్నది అప్పలనాయుడు. “ఉస్తాద్, ఈటి నోళ్లు తెరుసుకున్నాయి. మూసేద్దునా?” అని అడిగాడు కూడా. “నాకు చెప్పేంతటోడివా? నువ్వు పళ్లెం పట్టుకో,” అన్నాను. పూజయ్యాక గొట్టాలు తుడిపించి, పైపైన దులిపి, ‘ఓకే’ అని సంతకం పెట్టాను. మొన్న జామ్ అయిన గన్‌ని వెల్లకిలా తిప్పి రేకుని నొక్కినప్పుడు ఆ గింజ పక్కకు దొర్లి ఉంటుంది. అందుకే నా బల్ల మీద నలభైసార్లూ పనిచేసింది. నిలబెట్టి గతుకుల్లో తిప్పితేనే మళ్లీ గాడిలోకి జారింది. సాక్ష్యాన్ని నా వేలితో నేనే తప్పించి, ఆ వేలే అతని వైపు చూపించాను. మద్దెల నిజంగానే ఓడు. దాన్ని ఓడు చేసింది నేను.

ఇంకో పదిహేడు గన్లు ఆ పొద్దున రోడ్ల మీద ఉన్నాయి. అన్నింటినీ వెనక్కి పిలిపించమన్నాను. చివరి వ్యాను గేటు దాటి లోపలికి వచ్చేదాకా కూర్చోలేకపోయాను. విప్పి చూస్తే ఇంకో రెండింటిలో గింజలున్నాయి. మనుషుల ప్రాణాలు కాపాడమని దేవుడికి దణ్ణం పెడుతూ ఆ ప్రాణాల మీదికే తెచ్చాను.

రిపోర్టు రాయడానికి కూర్చుంటే భాటియా గారు తలుపు దగ్గరగా వేశారు. ఆయన చెడ్డవాడు కాదు. “రావు సాబ్, ‘ఫారిన్ మ్యాటర్ దొరికింది’ అని రాయండి, చాలు. ఎలా వచ్చింది, ఎవరి వల్ల అని ఎందుకు?”

నాకూ ఆశ కలిగింది, అబద్ధం చెప్పను. కాని మా రూల్స్ ప్రకారం డ్యూటీలో గన్ శుభ్రత గార్డు బాధ్యత. ఎలా వచ్చిందో రాయకపోతే ఆ గింజ కూడా అప్పలనాయుడి నెత్తినే పడుతుంది. అతను పక్కనే నిలబడి, “ఒగ్గేయండి ఉస్తాద్. గింజ దొరికింది గదా,” అన్నాడు. ఆ మాటతో నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

దసరా పూజలో నేను చల్లిన అక్షత అని రాశాను. వద్దని గార్డు ముందే హెచ్చరించాడని రాశాను. కింద సంతకం పెట్టాను. ఆ సంతకం పెట్టడానికి పట్టినంతసేపు నాకు ఎప్పుడూ ఏ సంతకానికీ పట్టలేదు.

“తప్పు నాది నాయుడూ. నిన్ను చాలా మాటలన్నాను, మనసులో పెట్టుకోకు,” అన్నాను.

అతను కాగితం వైపు చూస్తూ, “పూర్తిగా లాగినానని రాసినారా?” అని అడిగాడు.

రాయలేదు. మళ్లీ కలం తీసి, ‘గార్డు రెండుసార్లూ పిడిని పూర్తిగా లాగాడు, అతని వల్ల ఏ లోపమూ జరగలేదు’ అని ఒక వాక్యం చేర్చి, చదివి వినిపించాను. అప్పుడు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

ఆరు నెలలపాటు నా ‘ఓకే’ కింద ఇంకో ఆర్మరర్ సంతకం కూడా ఉండాలన్నారు. అతను నాకన్నా పద్దెనిమిదేళ్లు చిన్నవాడు. మొదటి వారం మండిపోయాను. తర్వాత అలవాటైంది. ఆరు నెలలు గడిచాక ఆ రెండో సంతకం ఉండనివ్వండని నేనే అడిగాను. గన్ ఆగిందని ఎవరైనా వస్తే ఇప్పుడు నేను బల్ల దగ్గరికి వెళ్లను. ముందు స్టూలు వేసి, ఎలా కూర్చున్నావు, ఎలా పట్టుకున్నావు, చూపించు అంటాను. మనిషి చెప్పింది పూర్తిగా విన్నాకే గన్ విప్పుతాను.

మరుసటి దసరాకి బోల్టులన్నీ మూసి, గన్ల మీద గుడ్డ కప్పించాను. బొట్టు, దారం, అంతే. పళ్లెం అప్పలనాయుడే పట్టుకున్నాడు. అందులో అక్షతలు అలాగే ఉన్నాయి.

“ఇవేటి సేద్దామండి ఉస్తాద్?”

“తల వంచు,” అన్నాను.

అతను పళ్లెం పట్టుకునే వంగాడు. గుప్పెడు తీసి ఆ నెరిసిన తల మీద వేశాను.

“సెవుల్లో పడకుండా ఎయ్యండి ఉస్తాద్,” అన్నాడు వంగినవాడు వంగినట్టే. “మల్లీ విప్పలేరు.”