పురుగులింటి గడప

మా కాలేజీ ల్యాబు నేల మీద బ్లీచింగ్ పౌడర్ చల్లితే చాలు, చెప్పాల్సిన పాఠం పక్కకు పోయి, బైరకూరులో పట్టుపురుగుల కోసం ఇదే పొడి చల్లిన మా పురుగులిల్లు ముక్కులో నిండిపోతుంది. మొన్నా అంతే. సూక్ష్మజీవుల వర్గీకరణ చెబుతూ బోర్డు మీద బ్యాక్టీరియాను ఒక పక్క, ప్రోటిస్టులను ఒక పక్క, శిలీంధ్రాలను ఒక పక్క రాసి, పట్టుపురుగులకు పెబ్రిన్ రోగం తెచ్చే క్రిమి దగ్గరికి వచ్చేసరికి సుద్దముక్క ఆగిపోయింది. నేను చదువుకునేటప్పుడు అది ప్రోటోజోవా. ఇప్పుడు శిలీంధ్రాల చుట్టం. పాత గడిలో చెరిపి కొత్త గడిలో రాశాను, పిల్లలూ మారుమాట లేకుండా రాసుకున్నారు, నాకు మాత్రం ఒళ్ళు మండింది.

పట్టుపురుగుల పంట ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో మనుషులకన్నా పురుగులకే మర్యాద ఎక్కువ. మంచు ఆరాక కోసిన మల్బరీ ఆకు వెదురు తట్టల్లో పరిస్తే, పెద్ద పురుగులు మేసే చప్పుడు పక్కింటి మీద వాన పడుతున్నట్టు వినిపించేది. అవి పొర విడిచేముందు తలెత్తుకుని కదలకుండా ఉంటే, జ్వరానికి పడ్డాయంటూ మేమందరం గొంతు తగ్గించుకోవాలి. వాటికి వాసనలు పడవని, అవి గూళ్ళు కట్టేదాకా తిరగమోత ఘాటు లేదు, ఎండుచేపల పులుసు అసలే లేదు, గూళ్ళు అమ్ముకొచ్చిన రోజున మాత్రం రాగిసంగటి, కోడికూర.

మా అవ్వకూ ఒక వర్గీకరణ ఉండేది. పురుగు ఉబ్బి పాలలాంటి నీరు కారిస్తే పాలరోగం, చచ్చి సుద్దలా బిగుసుకుంటే సున్నపు రోగం, మెత్తబడి కంపు కొడితే సప్పరోగం. ఈ మూడింట్లో చేరనిది ఏదైనా సరే, ఎవరో మనిషి చేసిన దోషం.

ఆ నాలుగో గడిలో పడింది మా చిన్నమ్మ. చిన్నాయన పెళ్ళాం, కేజీఎఫ్ బంగారు గని కార్మికుల ఇంటి పిల్ల, పట్టుపురుగును పెళ్ళయ్యాకే చూసింది. కాపురానికొచ్చిన కొత్తల్లో, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఎండుచేపలు పెరట్లో కాల్చుకు తిని, కుతూహలం పట్టలేక పురుగులింట్లోకి పోయి చూసింది. ఆ వారమే పురుగుల ఎదుగుదల ఆగిపోయింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒంటినిండా మిరియప్పొడి చల్లినట్టు మచ్చలు. పంటంతా గుంట తీసి సున్నం చల్లి పూడ్చేశారు.

“చేతులనిండా కంపు పెట్టుకోని పురుగులింట్లోకి ఎట్లా పోయినావే? ఇంగ ఈ గడప తొక్కొద్దు,” అంది అవ్వ.

“కడుక్కొనే పోయినాను అత్తా,” అంది చిన్నమ్మ. ఎవరు విన్నారు?

అప్పటినుంచి తోటలో ఆకు కోసేది ఆమే, మోపులు మోసేది ఆమే, గడప బయట దించి వెళ్ళిపోయేదీ ఆమే. ఆ తర్వాత ఏ పంట పోయినా నోళ్ళలో నానింది ఆమె పేరే.

డిగ్రీలో ఆ మిరియపు మచ్చల సంగతి చదివాను, అదే పెబ్రిన్. ఆ రోగం తల్లి సీతాకోకచిలుక కడుపు నుంచి గుడ్డులోకి దిగుతుంది, అంటే మేము కొని తెచ్చిన గుడ్లలోనే అది వచ్చిందన్నమాట. పరుగున ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను.

“గుడ్డులో ఉండేది నాకు కనపడలేదప్పా,” అంది అవ్వ తాపీగా. “చేపల కంపు నా ముక్కుకే తగిలినాది గదా.”

పెద్దామెతో వాదమెందుకని నాన్న నన్నే కసిరాడు. కంటికి కనపడని క్రిమిని ఒక వంశం నుంచి తీసి ఇంకో వంశంలో పెడితే లోకమంతా తలూపింది. నేను మా ఇంట్లో ఒక్క మనిషిని ఆ నాలుగో గడిలోంచి తీయలేకపోయాను.

పోయిన ఆదివారం బైరకూరు వెళ్ళాను. అవ్వ ఇప్పుడు లేదు, పోయి చాన్నాళ్ళయింది. మల్బరీ తోట టమాటా తోటయింది, వెదురు తట్టలు ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి, పురుగులింట్లో ఖాళీ టమాటా క్రేట్లు పేర్చి ఉన్నాయి. వాన పడుతుంటే అందులోకే పోయి కూర్చున్నాను. జుట్టు నెరిసిన చిన్నమ్మ టీ తెచ్చి గడప ముందు ఆగింది.

“లోపలికి రా చిన్నమ్మా, తడుస్తా ఉండావు. పురుగులు యాడుండాయి ఇంగ?”

“ఉండనీలేప్పా, ఈడే బాగుండాది,” అని తల మీద కొంగు కప్పుకుని గ్లాసు చాచింది. ఆ చెయ్యి కూడా గడప దాటలేదు.