కోట గుమ్మంలో నలభై జతల చెప్పులు

చెప్పులు విప్పితే ఉద్యోగం ఊడుతుందంటే నమ్ముతారా? నాకు ఊడినంత పనైంది. అదీ ఇటలీలో, ఒక దొరల కోటలో. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

తాయిఫ్‌లో ఒక సౌదీ ఇంట్లో పెద్దావిడను చూసుకోవడం నా పని. ఆవిణ్ణి మామా అంటాను, అక్కడ అమ్మా అని అర్థం. షుగరు కాళ్ళు, వాటికోసం మెత్తటి ప్రత్యేకమైన చెప్పులు. ఆ వేసవిలో ఆవిడ కొడుకు, అంటే నాకు వీసా ఇచ్చిన కఫీలు, మా ఇద్దర్నీ ఇటలీ తీసుకెళ్ళాడు. విమానం ఎక్కకముందే ఒక మాట చెప్పాడు: నా మీద ఒక్క ఫిర్యాదు వచ్చినా క్రిస్మస్‌కి ఇంటికెళ్ళి రావడానికి రీఎంట్రీ వీసా లేదు, సెలవు లేదు. రెండేళ్ళుగా నా కూతురి మొహం ఫోన్లోనే చూస్తున్నాను. అందుకని నోరు కుట్టేసుకుని, చేతులు కట్టేసుకుని వెళ్ళాను. కాళ్ళ సంగతే మర్చిపోయాను.

కొండ మీద బుల్లి ఊరు, ఊరి నెత్తిన కోట. దొరసాని పైన కాపురముంటూ, కింది గదులు టిక్కెట్టు పెట్టి చూపిస్తోంది. అందులో ఒక చిన్న చర్చి. కొడుకు ఫోటోల కోసం బురుజు ఎక్కాడు. నేను చర్చి గుమ్మం చూశానో లేదో, నా కాళ్ళు వాటంతటవే చెప్పులు వదిలేశాయి. మా రాజోలు వైపు చెప్పులతో చర్చిలో అడుగుపెడితే పాస్టరుగారు వాక్యం ఆపి మరీ చూస్తారు.

"ప్రార్థన చేసే చోటా?" అంది మామా.

"అవును మామా."

"అయితే నావీ విప్పు."

రెండు జతలూ పక్కపక్కన పెట్టి లోపలికెళ్ళాం. వెనకే ఒక బస్సెడు టూరిస్టులు వచ్చారు. మా చెప్పులు చూసి, ఇదిక్కడి ఆచారం కాబోలనుకుని వాళ్ళూ విప్పారు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారంటారు గానీ, ఆ రోజు ఊరంతా ఉలిపికట్టె వెంటే నడిచింది. మేం బయటికొచ్చేసరికి గుమ్మంలో నలభై జతలు. వాటి మధ్య నోరు తెరుచుకుని దొరసాని. మామా చెప్పులు మాత్రం లేవు. వాటి స్థానంలో ఎవరివో బూట్లున్నాయి.

అప్పుడే కొడుకు దిగొచ్చాడు. ఇదెవరు మొదలుపెట్టారని దొరసాని అడుగుతోందట. అందరి వేళ్ళూ నా వైపే తిరిగాయి. నా డిసెంబరు కళ్ళముందే గోదాట్లో కొట్టుకుపోయింది. నిజం చెప్తున్నా, ఏడుపొచ్చేసింది.

దొరసాని వంగి నేలను నిమిరి ఏదో చెప్పింది. కొడుకు అయిష్టంగానే మాకు విడమరిచాడు. "ఈ నేల వాళ్ళ తాతముత్తాతలు వేయించిందట. బూట్లకి అరిగిపోతోందట. విప్పమని అడగడానికి ఇన్నాళ్ళూ మొహమాటపడిందట."

తర్వాత ఆవిడ తన మఖమల్ చెప్పులు తెచ్చి మామాకి తొడిగింది. మామా వాటితో మహారాణిలా కారెక్కింది. కొడుకు మాత్రం డిసెంబరు సంగతి ఇంటికెళ్ళాక చూద్దామన్నాడు.

నెల తర్వాత తాయిఫ్‌కి పార్సిలొచ్చింది. దొరసాని పంపింది. అందులో ఎవరో టూరిస్టు తిరిగిచ్చిన మామా చెప్పులు, ఒక ఫోటో. చర్చి గుమ్మం పక్కన కొత్త చెప్పుల స్టాండు, పైన చెప్పులిక్కడ విడవమని నాలుగు భాషల్లో బోర్డు. అరబీ కూడా ఉందని కొడుకు పగలబడి నవ్వాడు. ఆ నవ్వులోనే నా రీఎంట్రీ పెట్టేశాడు. తెలుగు మాత్రం లేదు. మనవాళ్ళకి చెప్పక్కర్లేదని కాబోలు.

ఫోటో చూసి నా కూతురు ఫోన్లో అంది: "ఏంటమ్మా, ఇటలీ ఎల్లి చెప్పుల స్టాండు పెట్టిచ్చి వచ్చేవా?"

కాబట్టి, మేరీ అనే నేను, ఇకపై ఏ దొరల కోటలోనైనా, నాకంటే ముందు ఒక్క జతైనా కనబడితే తప్ప నా చెప్పులు విప్పనని మనస్సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మామావైతే విప్పినా సంచిలోనే పెడతాను.