కాలని మసిగుడ్డ

2022 వానాకాలం. సూరత్‌లోని ఆల్థాన్‌లో ఒక ఊపిరితిత్తుల డాక్టరుగారి క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. అప్పటికి పద్నాలుగేళ్ల సర్వీసు. నేను ఎక్కువగా చేసేది పీఎఫ్‌టీ. రోగి ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టంలోకి బలంగా ఊదిస్తే ఊపిరితిత్తుల్లో ఎంత గాలి పడుతోందో మిషన్ చెబుతుంది. "ఊదండి, ఇంకా, ఇంకా" అని రోజంతా అరుస్తూనే ఉంటాను. ఇంట్లోనూ అదే గొంతు అంటాడు మా ఆయన.

మల్లేశం కాక ఆ జూలైలోనే మా దగ్గరికి వచ్చాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. సిరిసిల్ల వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చి, తరువాత ఒక కెమికల్ ప్లాంటులో లాగింగ్ పనికి కుదిరాడు. లాగింగ్ అంటే ఆవిరి గొట్టాల వేడి బయటికి పోకుండా చుట్టే కట్టు. పాత ప్లాంట్లలో దానికి ఆస్బెస్టాస్ తాడు, ఆస్బెస్టాస్ బట్ట వాడేవారు. ఇరవై రెండేళ్లు ఆయన ఆ పాత కట్లు విప్పాడు, కొత్తవి చుట్టాడు. ముఖానికి రుమాలు తప్ప ఇంకేమీ లేదు. కంటికి కనపడని సన్నటి పోగులు ఊపిరితో లోపలికి వెళ్లి అక్కడే ఉండిపోతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఊపిరితిత్తులు గట్టిపడతాయి. ఆ జబ్బును ఆస్బెస్టాసిస్ అంటారు. ఆ పోగుల్ని బయటికి తీసే మందు లేదు.

"బీడీలు ఎన్ని, కాకా?" అని అడిగాను.

"బంద్ జేసిన బిడ్డా."

"ఎప్పుడు?"

"ఇయ్యాల పొద్దుగాల."

పక్కన ఫైలు పట్టుకుని కూర్చున్న ఆయన భార్య లచ్చవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఆయనకు గట్టిగానే చీవాట్లు పెట్టాను. అయినా ఆ ఇద్దరూ నాకు భలే నచ్చారు. ఇంత దూరంలో మన భాష మాట్లాడే నర్సు దొరికిందని లచ్చవ్వకు ఒకటే సంబరం. ఆవిడను చిన్నమ్మా అని పిలవడం మొదలుపెట్టాను.

మూడోసారి వచ్చినప్పుడు కాగితంలో చుట్టి నాకు ఒక మసిగుడ్డ ఇచ్చింది. తెల్లటి దళసరి బట్ట, అంచులకు ఎర్రదారంతో కుట్టు, తగిలించుకోవడానికి చిన్న ఉంగరం.

"పడుగు, పేక ఎంత మంచిగ పడ్డయో జూడు. పత్తి కాదు గని, నేసినోని చెయ్యి మంచిది. ఎంత మసిలే గిన్నె వట్టినా చెయ్యి సుర్రుమనది" అంది.

నేత ఇంట్లో పుట్టిన మనిషి కదా, బట్టను వేళ్లతోనే చదువుతుంది. నేను మురిసిపోయి ఇంటికి తెచ్చుకున్నాను. ఈ బట్ట ఎక్కడిదని అడగాలన్న ఆలోచనే రాలేదు. ఇప్పటికీ నా మీద నాకు కోపం వచ్చేది అక్కడే.

పదకొండు రోజులు వాడాను. ఒక పొద్దున కుక్కరు దించి, పొయ్యి ఆర్పకుండానే గుడ్డను దాని మీద మరిచిపోయాను. మంట దాన్ని నాకుతోంది. ఉరికి వచ్చి లాగితే కొంచెం కూడా కాలలేదు. ఎంత మంచి బట్ట అనుకున్నాను ముందు. ఆ వెంటనే అర్థమైంది, అది మల్లేశం కాక గొట్టాలకు చుట్టిన ఆస్బెస్టాస్ బట్ట. ఏ డిపార్టుమెంటు, ఎన్నేళ్లు, మాస్కు ఉందా లేదా, అన్నీ మల్లేశం కాకను అడిగాను. పని నుంచి ఇంటికి ఏం తెచ్చుకుంటావని మాత్రం అడగలేదు.

దాన్ని నీళ్లతో తడిపి, రెండు ప్లాస్టిక్ కవర్లలో కట్టి డాక్టరుగారికి చూపించాను. "వంటింట్లో వాడితే ప్లాంటులో ఉన్నంత ప్రమాదం ఉండదు. అయినా ఒక్కటి కూడా మిగలకూడదు. దులపకుండా, తడిపి తీయాలి. కత్తిరించి కుట్టినావిడకు మాత్రం ఎక్స్‌రే తీయిద్దాం" అన్నారాయన.

ఆదివారం లింబాయత్‌లో వాళ్ల ఇంటికి వెళ్లాను. లచ్చవ్వ అలాంటి గుడ్డతోనే చాయ్ గిన్నె దించుతోంది. దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ వదిలేసి, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆవిడ గిన్నె కింద పెట్టింది. "గీయన దమ్ము దీసిన దాన్నేనా నేను కుట్టింది?"

"తప్పు నాది" అన్నాడు మల్లేశం కాక, ఒక్కో మాటకూ ఆగుతూ. "పారేసే ముక్కలు బిడ్డా. మగ్గం ఇడిసినంక దీని చేతులకు బట్టనే లేదాయె. ఖుష్ అయితదని తెచ్చిన."

లచ్చవ్వ నా వైపు తిరిగింది. "ఇరువై ఆరు ఇండ్లకు ఇచ్చిన" అంది నాతో.

"నీ పేరు రాకుండా నేను చెప్తాను చిన్నమ్మా. డాక్టరు తెమ్మన్నాడంటాను."

"వద్దు. నా చేత్తోని ఇచ్చిన, నా చేత్తోనే తీసుకుంట." నా మొహంలోకి చూసింది. "నువ్వు గూడ వాడినవా?"

"వాడాను."

అంతసేపూ ఏడవని మనిషి నా అరచేయి పట్టుకుని అప్పుడు ఏడ్చింది. నాకూ ఆగలేదు.

నీళ్ల బకెట్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. తలుపు తట్టిన ప్రతిచోటా ఆవిడే మాట్లాడింది. "ఇచ్చింది మల్ల గుంజుకుంటరా అత్తా?" అని ఒక కోడలుపిల్ల నవ్వింది.

"తెల్వక ఇచ్చిన బిడ్డా. తెల్సినంక నీ ఇంట్ల ఎట్ల ఉంచాలె? ఇటియ్యి" అంది లచ్చవ్వ.

ఇంకొకావిడ మాత్రం "పిల్లలున్న ఇంట్లకు రోగం తెస్తివి గదా" అని గుడ్డను బకెట్‌లోకి విసిరి, మొహం మీదే తలుపు వేసింది. లచ్చవ్వ ఆ తలుపు ముందు కాసేపు తల దించుకుని నిలబడింది. నేను ఇంటికి పోదామన్నాను. "ఇంక తొమ్మిది ఇండ్లున్నయి" అని పక్క మెట్లెక్కింది.

సాయంత్రానికి ఇరవై అయిదు దొరికాయి. మిగిలిన ఒక్కటి ఎవరి కూతురితోనో బార్డోలీ వెళ్లిందట. మర్నాడు లచ్చవ్వ బస్సెక్కి వెళ్లి దాన్నీ తెచ్చింది. డాక్టరుగారు ప్లాంటు వాళ్లకు ఉత్తరం రాస్తే, వాళ్ల మనిషి వచ్చి మూటలన్నీ తీసుకెళ్లాడు. లచ్చవ్వ ఎక్స్‌రేలో అప్పటికి ఏమీ కనపడలేదు. ఏటా చూపించుకోవాలి. మల్లేశం కాక ఆ తరువాతి చలికాలం దాటలేదు. చివరి నెలల్లో ఆయన నోటిలో గొట్టం పెట్టడానికి నాకు చేయి వచ్చేది కాదు.

ఇప్పుడు మా ఫారంలో చేత్తో రాసిన ఒక వరుస ఉంటుంది: పని నుంచి ఇంటికి ఏం తెస్తారు? ఖాళీ కెమికల్ డ్రమ్ములో మంచినీళ్లు నింపుకుంటామని ఒకరంటారు, పాత గ్లవుజులు గిన్నెలు తోమడానికి వాడతామని ఇంకొకరంటారు. ఈ ప్రశ్న మాత్రం గొంతు తగ్గించి అడుగుతాను. ప్రేమతో తెచ్చిన వస్తువు గురించి అడిగేటప్పుడు అరవకూడదని నాకు నేర్పింది లచ్చవ్వే.

గుడ్డలన్నీ వెనక్కి తీసుకున్న నెలకే, మల్లేశం కాకను చూపించడానికి వచ్చినప్పుడు, ఆవిడ మళ్లీ ఒక పొట్లం నా చేతిలో పెట్టింది. పాత నూలుచీరను నాలుగు మడతలు వేసి కుట్టిన మసిగుడ్డ. మొహం మీద తలుపు వేసిన ఇంటితో సహా ఇరవై ఆరు ఇళ్లకూ ఇచ్చి వచ్చిందట.

"ఇది కాలుతది బిడ్డా" అంది. "జర పైలంగ పట్టుకో."