అన్న వేయించిన కంటిచుక్కలు

పోయిన వారం జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. సౌదీలోని తాయిఫ్‌లో ఏళ్ల తరబడి నాతో ఒకే గదిలో ఉన్న అన్న ఇక లేడని ఆయన కొడుకు చెప్పాడు. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. ఆయన తెలంగాణ తాపీమేస్త్రీ, నేను కడప డ్రైవర్ని. గదిలో అందరికన్నా పెద్ద కాబట్టి అందరికీ అన్నే. మనసు వెన్న, నోరు మాత్రం మహా చెడ్డది. ఈ కంటితో నేను చూసేదంతా ఆ నోటి చలవే.

శుక్లం ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు నా కుడికన్ను మసకబారింది. రోడ్డు మీది తెల్లగీత వంకర్లు తిరిగి కనబడేది. రెటీనా వాచిందని, వాపు తగ్గించే చుక్కలు వేళ తప్పకుండా వేసుకోవాలని డాక్టర్ చెప్పాడు. అంతదాకా స్టీరింగ్ ముట్టొద్దన్నాడు. నన్ను పనిలో పెట్టుకున్న సౌదీ యజమాని, కఫీల్, కొన్నాళ్లు ఆగుతానన్నాడు గానీ, చూపు రాకపోతే నా బతుకుతెరువు పోయినట్టే.

ఇంతలో రంజాన్ వచ్చింది. చుక్క కంట్లో పడగానే గొంతులో చేదు తగిలేది. ఒక్కపొద్దు చెడిపోతుందని పగటి చుక్కలు మానేశాను. అన్న ఇట్టే కనిపెట్టాడు.

"సీసా నిండుగనే ఉన్నది. కన్ను పోగొట్టుకుంటవారా?"

"మందు గొంతులోకి దిగుతాందన్నా. ఒక్కపొద్దు నిలవదు."

"అది నాకు తెల్వది, నీకూ తెల్వది. తెలిసినోళ్లను అడుగుదాం, నడువు."

అన్న హిందువు. తాను మసీదు మెట్ల దగ్గరే ఆగి నన్ను లోపలికి తోశాడు. కంటిచుక్కలతో ఒక్కపొద్దు చెడదని ఇమామ్ సాబ్ నవ్వుతూ చెప్పారు. బయటికొచ్చి ఆ మాట చెప్పానో లేదో, "ఇంకేంది, తలకాయ ఎత్తు," అంటూ ఆ మెట్ల మీదే చుక్క వేశాడు. సీసా జేబులో వేసుకునే వచ్చాడు మహానుభావుడు!

ఆనాటి నుంచి మధ్యాహ్నం సైటు నుంచి ఫోన్. "ఏసినవా?" అంతే, పెట్టేసేవాడు. వాపు మెల్లగా తగ్గింది, గీత తిన్నబడింది. ఇక బండి నడుపుకోవచ్చని డాక్టర్ చెప్పిన రోజు అన్నను పట్టుకుని ఏడ్చాను.

"ఏడిస్తే మందు కొట్టుకపోతది," అని కసురుకున్నాడు.

కొంతకాలానికి అన్నకు సౌదీ వదిలి శాశ్వతంగా ఇంటికెళ్లే ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది. జెద్దా విమానాశ్రయానికి నేనే తీసుకెళ్లాను. తాయిఫ్ ఘాట్‌లో ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. మలుపు మలుపుకీ గుండె జారుతుంది, కొత్తవాళ్లయితే సీటు పట్టుకుని వదలరు. అన్న నా పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు, కండువా మొహం మీదికి లాక్కుని హాయిగా నిద్రపోయాడు. ఘాట్ మొత్తం దిగేదాకా లేవలేదు.