ఆయననే చెప్పనియ్యుండ్రి

అంబులెన్స్‌లో పనిచేసే నాకు ఒళ్ళు మండేది ఒక్కదానికే. పేషెంటును అడిగితే ఇంటిల్లిపాదీ జవాబు చెప్తారు.

ఒకసారి అశోక్‌నగర్‌లో ఒక పెద్దాయనకు ఛాతీ బరువుగా ఉందంటే వెళ్ళాం. నాడి పట్టుకుని, "ఎప్పటినుంచి?" అని ఆయన్ని అడిగాను.

"గ్యాసే మేడం. చిక్కడపల్లిల మిర్చీబజ్జీ తిన్నరు," అంది భార్య.

"ఆయననే చెప్పనియ్యుండ్రి అమ్మా!" అని కసిరాను. అప్పుడు చెప్పాడాయన, నొప్పి ఎడమ చేతిలోకి దిగుతోందని. ఉన్నపళంగా ఆస్పత్రికి చేర్చాం. బతికాడు.

మొన్న అదే గల్లీలో ఒక ముసలమ్మకు ఆయాసమని పిలుపొచ్చింది. వెళ్ళేసరికి, పొరుగింటి నుంచి వచ్చిన ఆ పెద్దాయన భార్యే అక్కడుంది. గుమిగూడిన జనాన్ని బయటికి పంపేసింది. ముసలమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టింది. ఆమె వేసుకునే మాత్రలన్నీ తెప్పించి చేతిలో పట్టుకుంది. నేను ముసలమ్మ వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెడుతూ, తొందరలో పక్కనే ఉన్న ఆమె కోడలి వైపు తిరిగి, "ఎప్పటినుంచి?" అన్నాను.

పెద్దాయన భార్య నా భుజం తట్టింది. "ఆమెనే చెప్పనియ్యి బిడ్డా."

నా మాటే నాకు తిరిగొచ్చినందుకు గర్వపడుతూ, ముసలమ్మ వైపు తిరిగి అడిగాను.