సొట్ట తలుపు, చెక్కుచెదరని బోనస్

కారు బీమాలో నో క్లెయిమ్ బోనస్ అని ఒకటుంటుంది. ఏడాది పొడుగునా కారును ఎక్కడా గుద్దకుండా, గుద్దినా కంపెనీని డబ్బు అడగకుండా నోరుమూసుకుని ఉంటే, మరుసటి ఏడు కట్టాల్సినదాంట్లో కొంత తగ్గిస్తారు. ఊరుకున్నకొద్దీ తగ్గింపు పెరుగుతూ పోయి, సగం దగ్గర ఆగుతుంది. ఒక్కసారి నోరు తెరిచి అడిగామా, మళ్లీ మొదటికి. ఇళ్లలో కోడళ్లకు వచ్చే మంచిపేరు కూడా సరిగ్గా ఈ పద్ధతిలోనే పెరిగి, ఈ పద్ధతిలోనే పోతుంది కాబట్టి, ఈ సంగతి నాకు ఏజెంటు విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

అప్పట్లో నేను బళ్ళారిలో పి.యు. కాలేజీ పిల్లలకు, అంటే ఇంటర్ పిల్లలకు, లెక్కలు చెప్పేదాన్ని. కంటోన్మెంట్‌లో ఉమ్మడి ఇల్లు. కింద బావగారు, అంటే మా ఆయన అన్నగారు. పైన మేము. అవి గనుల రోజులు. గనుల పుణ్యమా అని ఘనులైనవాళ్లు వీధికొకరు చొప్పున తేలారు. మా వీధి వాటా మా బావగారు. అంతకుముందు వడ్ల మూటలు తోలిన లారీల చోట ఇనుపరాయి తోలే టిప్పర్లు వచ్చాయి. ఎవరో జ్యోతిష్కుడు చెప్పాడని అన్నిటికీ చిలకపచ్చ రంగు వేయించారు. ఆ పచ్చ ఊళ్లో ఎక్కడ కనబడినా జనం పక్కకు తప్పుకునేవాళ్లు.

ఆ రోజుల్లోనే నా జీతంతో ఒక చిన్న తెల్లకారు కొన్నాను. తెల్లది అని ఆర్సీలో రాసి ఉండేది. బయట చూస్తే, ఎర్రదుమ్ము పట్టి, రోజూ కుంకుమార్చన చేయించుకుంటున్నట్టు ఉండేది. తాళి కట్టింది బావగారి తమ్ముడే గానీ, ఈ తాళం మాత్రం నేను సొంతంగా కొనుక్కున్నది.

నేను బండి నేర్చుకున్నది మా పుట్టింట్లో, కంప్లి దగ్గరి ఎమ్మిగనూరులో, నాన్న ట్రాక్టరు మీద, వరిమళ్ల గట్ల వెంట. అందుకని నేను గేరు మారిస్తే పక్కన కూర్చున్నవాళ్లకు నాగలి దిగినట్టు ఉంటుందట. ఉంటే ఉండనీ. గట్టు మీద ట్రాక్టరు తిప్పినవాళ్లకు ఒక సంగతి మాత్రం బాగా తెలుస్తుంది, తమ వెడల్పు ఎంతో. బావగారికి ఆ శిక్షణ ఎప్పుడూ దొరకలేదు.

గనుల కంపెనీలకు ఆఫీసర్లను తిప్పడానికి కార్లు కావాలి. కారున్న ప్రతివాడూ దాన్ని కంపెనీకి అటాచ్ చేసి నెలనెలా బాడుగ తీసుకుంటున్నాడు. బావగారి కన్ను నా కారు మీద పడింది. ఒక ఆదివారం పొద్దున అందరం కింద కూర్చుని బొరుగుల ఒగ్గాని, మిరపకాయ బజ్జీలు తింటుండగా ఎత్తుకున్నారు.

“ఏమ్మా టీచరమ్మా, దినామూ పోయి కాలేజీలో చెట్టుకింద నిలబెట్టేదానికి నీకు కారేల? నాకియ్యి. కంపెనీకి ఇడుస్తా. నీకూ బాడిగొస్తాది.”

“నాకు బాడుగ వద్దు బావా. తోలుకునేదానికి కొనుక్కున్నా.”

“తోల్తావు. తోలి యాడో లారీ కింద పెడ్తావు. ఆడోళ్లు స్టీరింగు పట్టుకున్నంక బండి మిగుల్తుందా యాడన్నా?”

“కొన్నప్పట్నుంచీ ఒక్క క్లెయిమూ లేదు బావా. మీ లారీలను అడగండి ఆ మాట, అవేం చెప్తాయో.”

మా ఆయన బజ్జీ కొరుకుతూ “నన్ను మధ్యలోకి లాగద్దండప్పా” అన్నాడు. ఎవరూ లాగలేదు. పెళ్లయిన నాటినుంచీ ఆయన మధ్యలోనే కూర్చుని ఆ మాట అంటూ ఉన్నాడు.

బావగారు చేయి కడుక్కుని, గోడవైపు చూపించారు. అక్కడ వరుసగా మేకులు, మేకులకు టిప్పర్ల తాళాలు.

“ఆయ్తు, సరే. అందరి ముందర చెప్తాండా, ఇనుకో. నీ కారు మీద ఏ పొద్దు క్లెయిము పడ్తాదో, ఆ పొద్దు నీ తాళం ఈ మేకుకొస్తాది. మళ్ల నువ్వు స్టీరింగు ముట్టగూడదు. ఒప్పుకుంటాండావా?”

“ఒప్పుకుంటాండా” అన్నాను. ఒగ్గానిలో కారం ఎక్కువై అన్నానో, నాలో ఎక్కువై అన్నానో.

అప్పటినుంచి నా బోనస్ కేవలం బోనస్ కాకుండా పోయింది. ముందుపోయే లారీనుంచి రాయి జారి అద్దం పగిలితే నా చేతి డబ్బుతో వేయించుకున్నాను. ఆటోవాడు గీకితే గీతను భరించాను. కాలేజీలో గుణకారాలు చెప్పి, రోడ్డు మీద సహనగుణం నేర్చుకున్నాను. బోనస్ ఏటేటా పెరుగుతుంటే, రెన్యూవల్ కాగితం రాగానే మెట్లమీదనుంచి దిగేటప్పుడు కావాలనే కొంచెం పెద్దగా చదివేదాన్ని. బావగారు పేపరు అడ్డం పెట్టుకునేవారు.

బోనస్ సగానికి చేరిన ఏడు, ఏజెంటు కొత్త సరుకు తెచ్చాడు. మా వీధి చివరే ఉండే మనిషి, మాట మెత్తన.

“మేడమ్, ఇది బోనస్‌కే రక్షణ. ఇంకొంచెం కట్టినారంటే, ఒక క్లెయిము పెట్టినా మీ బోనస్ కదల్దు.”

“క్లెయిము పెట్టినట్టు మాత్రం రాసుంటుందా?”

“అది రికార్డులో ఉంటాది మేడమ్. దాన్నెవురు చూస్తారు? బోనస్ భద్రం గదా.”

ఎవరు చూస్తారో ఆయనకేం తెలుసు. నేను లెక్కవేశాను. తగ్గింపు వచ్చేది మన కారుకు జరిగే నష్టానికి కట్టే భాగంలోనే. ఇతరులకు జరిగే నష్టానికి కట్టే భాగంలో ఒక్క పైసా తగ్గదు. కారు పాతబడేకొద్దీ ఆ మొదటి భాగమే చిక్కిపోతుంది. కాబట్టి నాలాంటి పాత చిన్నకారుకు ఆ తగ్గింపును కాపాడడానికి కట్టేదీ, కాపాడగా మిగిలేదీ ఇంచుమించు ఒకటే. అక్కర్లేదని లెక్క స్పష్టంగా చెప్పింది. అయినా తీసుకున్నాను. లెక్కల టీచరుకు భయం పుడితే కూడికకు కూడా తాయెత్తు కడుతుంది.

ఆ తర్వాత ఒక ఆదివారం కంప్లి దారి తవ్వేశారని కారు ఇంట్లో పెట్టి, బస్సులో ఎమ్మిగనూరు వెళ్లొచ్చాను. సోమవారం పొద్దున కాలేజీకి బయల్దేరితే కారు వేరేగా నిలబడి ఉంది. నేనెప్పుడూ మూతి గేటువైపు ఉండేలా పెడతాను. అది మూతి లోపలికి తిప్పుకుని, ఎడమ పక్క గోడకు ఆనించుకుని, పంటినొప్పి వచ్చినవాడు దవడ దాచుకున్నట్టు నిలబడింది. బయటికి తీసి చూశాను. ముందు ఎడమ తలుపు లోపలికి పోయింది. సొట్ట నిండా చిలకపచ్చ. పిడి పట్టుకుంటే లొడలొడలాడింది గానీ తలుపు రాలేదు. లోపలినుంచి మాత్రం తెరుచుకుంది.

బావగారు వరండాలో కాఫీ తాగుతున్నారు.

“బావా, నిన్న నా కారు ఎవరు తీసినారు?”

“నీ కారు సంగతి నాకేం తెల్సు? పోయిన వారం నువ్వే యాడో తాకిచ్చుకోనుంటావు. ఈ పొద్దు చూసుకున్నావు.”

“ఈ పచ్చరంగు?”

“ఊర్లో పచ్చరంగు నాదొక్కనిదేనా? చెట్లు గూడ పచ్చగానే ఉండాయి.”

“అయితే చెట్టు రివర్సులో వచ్చి గుద్దిందంటారు.”

“నోరు చూడు, నోరు!” అంటూ గ్లాసు ఠపీమని పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

పైకి వెళ్లి మా ఆయన్ను నిలదీస్తే, కాసేపు చొక్కా గుండీల వైపు చూసుకుని బయటపెట్టాడు. “గనుల కంపెనీ మనిషికి చూపిచ్చుకోనొస్తానని అన్న రెండో తాళం అడిగినాడు. ఎట్ల ఇయ్యకుండా ఉండేది? హోస్పేట రోడ్డులో మన షెడ్డుకు తీసుకపోయినాడు. ఆడ టిప్పరుకు తగిలిచ్చుకున్నాడు. నేను చెప్పినానని చెప్పద్దు. నన్ను మధ్యలోకి…” మిగతాది నేనే పూర్తిచేశాను.

ఆ సాయంత్రం బావగారు ఏజెంటును స్వయంగా వెంటబెట్టుకుని వచ్చారు. అంత ఔదార్యం నేనెన్నడూ చూడలేదు.

“ఏమప్పా, ఈ యమ్మకు ప్రొటెక్షన్ ఉండాదంటివి గదా? పెట్టు క్లెయిము. బోనస్సూ పోదు, తలుపూ కొత్తదొస్తాది. ఈ యమ్మకేం నష్టం?”

మేకుల గోడకు ఆనుకుని నిలబడి అన్నారు ఆ మాట. ఒక మేకు ఖాళీగా ఉంది.

ఏజెంటు పెన్ను తీశాడు. “యాడ జరిగింది మేడమ్? ఎట్ల జరిగింది? కారు తోలింది ఎవురు?”

“ఆ యమ్మే” అన్నారు బావగారు.

“బావగారు” అన్నాను నేను. “ఆయన షెడ్డులో, ఆయన టిప్పరుకు. ఇప్పుడు నేను చెప్పినట్టే రాయప్పా, సంతకం పెడతా.”

“రాస్తివో, చెయ్యి ఇరుగుతాది.” ఇది ఏజెంటుకు. ఆ తర్వాత నాకు. “మొగోని మీద నింద ఏస్తాండావా? నా ఇంట్లో నిలబడి?”

“కింద మీ ఇల్లు బావా. నింద మాత్రం పైనుంచి తెచ్చుకున్నా.”

ఏజెంటు పెన్ను మూతపెట్టి, “ఇద్దురూ ఒక మాటకు రాండి, నేను మళ్ల వస్తా” అని చెప్పులు సరిగా వేసుకోకుండానే వెళ్లిపోయాడు.

అప్పుడు అర్థమైంది నాకు ఆ రక్షణ ఎంతదాకా రక్షణో. తగ్గింపును అది నిజంగానే కాపాడేది. కంపెనీ మాట తప్పేది కాదు. కాని నేను కాపాడుకుంటున్నది తగ్గింపును కాదు. స్టీరింగు మీద నా చేతుల్ని. ఒక్క అబద్ధం మీద సంతకం పెడితే బోనస్ నాకు, తాళం మేకుకు.

“పోనీ, నా షెడ్డులో తట్టి సాపు చేపిస్తా. సుమ్నె గమ్మునుండు” అన్నారు బావగారు మరుసటి రోజు.

“సాపు చేస్తే సాక్ష్యం పోతుంది బావా. ఉండనీండి.”

ఉండనిచ్చాను. మరమ్మతు లేదు, క్లెయిము లేదు. సొట్టబుగ్గ కారు వేసుకుని బళ్ళారి అంతా తిరిగాను. పెళ్లిళ్లకు వెళ్తే ఆ పచ్చదవడ మండపంవైపు ఉండేలా నిలిపేదాన్ని. ఎవరు కొట్టారని ఎవరైనా అడిగితే “చెట్టు” అనేదాన్ని. వాళ్లు రంగు చూసి, బావగారిని చూసి, నవ్వాపుకోలేక పక్కకు వెళ్లేవాళ్లు. ఆయన ఊరికే ఉంటారా? కాలేజీ వేళకు సరిగ్గా ఒక టిప్పరు తెచ్చి గేటుకు అడ్డం పెట్టించేవారు. నేను హారను మీద చెయ్యి తీయకుండా కూర్చునేదాన్ని. కంటోన్మెంట్ వీధి మొత్తం మా ఇంటి మర్యాదకు మేలుకునేది. పేరు చివర గారు తప్ప మా మధ్య మర్యాదన్నది ఇంకేం మిగల్లేదు.

మరుసటి రెన్యూవల్‌కు ఏజెంటు పైకే వచ్చాడు, కిందికి చూపు తిప్పకుండా.

“రక్షణ ఈసారి వద్దు” అన్నాను.

“మేడమ్! ఇంత బోనస్, కాపలా లేకుండానా?”

“కాపలా నేనున్నా.”

కొత్త కారున్నవాళ్లు, కొత్తగా నేర్చినవాళ్లు, రోజూ రద్దీలో తిరిగేవాళ్లు తీసుకోవచ్చు. వాళ్లు కట్టిన డబ్బుకు వాళ్లకు నిద్రపడుతుంది. పాత కారుకు, చిన్న గీతలకు అడగనివాళ్లకు అది దండగ. ఇది నా లెక్క. కారు అమ్మినా బోనస్ కారుతో పోదనీ, మనిషిదనీ అదే రోజు ఏజెంటు చెప్పాడు. ఆ ఇంట్లో నాది అని కంపెనీవాళ్లు ఒప్పుకున్న ఏకైక ఆస్తి అదే.

ఆ తర్వాత కోర్టు ఆపమనడంతో గనులు ఆగిపోయాయి. టిప్పర్లు షెడ్డులో వరుసగా నిలబడ్డాయి. చిలకపచ్చ వెలిసి ఆవిరికుడుము రంగుకు వచ్చింది. బావగారి పెద్దకారును ఫైనాన్సువాళ్లు తీసుకుపోయారు. ఒక పొద్దున నేను కారు స్టార్ట్ చేస్తుంటే ఆయన ఇస్త్రీ చొక్కాతో, చంకలో ఫైలుతో వచ్చారు.

“ఫైనాన్సు ఆఫీసు దగ్గర ఇడుస్తావా? ఆటోలో పోతే బాగుండదు. అందరూ చూస్తారు.”

వెనక తలుపు మీద చెయ్యి వేశారు.

“వెనక కూర్చుంటే నేను డ్రైవరునవుతా బావా. ముందుకు రాండి.”

ముందుకు వచ్చి పిడి లాగారు. లొడలొడ. మళ్లీ లాగారు. రెండు మూడు ఇళ్ల గేట్ల దగ్గర జనం నిలబడి చూస్తున్నారు. నేను అద్దం కొంచెం దించాను.

“అది లోపలినుంచి నేను తీస్తేనే వస్తుంది.”

“తియ్యి మరి.”

“యాడ జరిగింది? ఎట్ల జరిగింది? కారు తోలింది ఎవరు?”

ఆయన మెడ ఎర్రబడింది. గేట్లవైపు చూశారు. ఫైలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నారు.

“పాతవన్నీ ఇప్పుడేల?”

నేను ఇంజను ఆపాను. మాకు కాలేజీకి ఆలస్యమైనా అటెండెన్సు వేస్తారు. ఫైనాన్సువాళ్లు వేయరు.

“నేనే” అన్నారు చివరికి, పళ్లమధ్యనుంచి. “షెడ్డులో. నేనే తోలింది. చాలునా?”

చాల్లేదు. అయినా ఒంగి తలుపు తీశాను. కృతజ్ఞతలు వారూ చెప్పలేదు, ఫర్వాలేదని నేనూ అనలేదు. ఆయన మాత్రం పైన పట్టుకునే పిడిని రెండు చేతులా పట్టుకుని, ఎదురుగా ఏ బండి వచ్చినా, తన కాళ్లదగ్గర లేని బ్రేకును దారి పొడుగునా తొక్కుతూనే ఉన్నారు.